మూడో నంబరు పుర్రె

సోమవారం పొద్దున వసీలా వచ్చేసరికి, చేయాల్సిన పనుల కాగితం ల్యాబ్ తలుపుకు అంటించి ఉంది. రాత ల్యాబ్ అధిపతి షెద్లీది, అందరూ మర్యాదగా సీ షెద్లీ అని పిలిచే ఆయనది.

ఆరు సీసాల్లో ఉప్పునీళ్ళు మార్చాలి.
వెండి తీగలు రుద్ది కడగాలి.
ఎముక ముక్కల మందం మళ్ళీ కొలిచి రాయాలి.
బూబకర్ తల పటంలో పుర్రె అంకె వేయాలి.
గురువారం సమావేశంలోపు ఆ అంకె కింద సంతకం పెట్టాలి.
నా బల్ల మీది గిన్నె ఖాళీ చేయాలి.

ఆఖరి పని దగ్గర ఆమె చూపు ఆగింది. సీ షెద్లీ గిన్నె అసలు గిన్నె కాదు. మనిషి పుర్రె పైచిప్ప. బోర్లిస్తే టోపీలా, వెల్లకిలా పెడితే దోసిలిలా ఉంటుంది. ఆయన రోజంతా ఉప్పు పట్టించిన పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టును అందులోకే ఉమ్ముతారు. తడి పొట్టు ఎముక లోపలి సన్నని గాడుల్లో ఇరుక్కుపోయి రెండో రోజుకే పులిసిన వాసన కొడుతుంది. ఏడాదిన్నరగా వసీలా ఊపిరి బిగబట్టి దాన్ని దులుపుతూనే ఉంది.

ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి తనే. తండ్రి తిజానీ కెర్కెన్నా దీవిలో సముద్రంలోకి మట్టికుండలు వదిలి ఆక్టోపస్‌లు పడతాడు. స్ఫాక్స్‌కు ఫెర్రీ ఎక్కించిన రోజున ఆయన ఒకే మాట చెప్పాడు: "పెద్దాయన ఏం చెబితే అది చెయ్యి తల్లీ, ఎదురు మాట్లాడకు." ఆమె అలాగే నడుచుకుంది. ఫ్రిజ్‌లో ఎముకల సీసాల మీదే సీ షెద్లీ తన హరీసా కారం రొట్టె పెట్టుకున్నా ఏమీ అనలేదు. తన అన్నం డబ్బా మాత్రం మెట్ల కింద దాచుకునేది.

ఆ పొద్దున పొట్టు ఎండి ఎముకకు అట్ట కట్టింది. చెంచా కాడతో గీకుతూ ఉంటే అడుగున పెన్సిల్ గీత కనిపించింది. ఇంకాస్త గీకింది. మూడు అంకె. దాని పక్కన ఒకే వరుసలో నాలుగు చిన్న నల్లటి చుక్కలు. వెండి తీగలు ఆనించి కరెంటు పంపితే ఎముక మీద మిగిలే మచ్చలవి. అలాంటి మచ్చలు తన చేత్తో ఎన్ని పెట్టిందో ఆమెకే లెక్క తెలియదు.

వసీలా చేయి ఆగిపోయింది. గోడకు ఫ్రేము కట్టి ఉన్న సీ షెద్లీ పరిశోధన పత్రం దగ్గరికి వెళ్ళింది. పన్నెండేళ్ళ కిందటిది. ఆయన పేరు నిలబెట్టింది అదే. పట్టికలో మూడే నమూనాలు. మూడో దాని మందం పక్కనే రాసి ఉంది. కొలతపరికరం తెచ్చి చిప్పను కొలిచింది. వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు.

పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి రోగి తల పటంలోనూ వేస్తున్న అంకె, ఈ ఉమ్మితొట్టిలోంచి కూడా వచ్చిందన్నమాట.

తలంటే చర్మం, ఎముక, నీరు, మెదడు. ఒక్కో పొర కరెంటును ఒక్కో తీరుగా పోనిస్తుంది. అన్నిటికంటే పిసినారి ఎముక. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో పుట్టే కరెంటు ఆ ఎముకను దాటుకుని నెత్తి మీది తీగలకు చేరాలి. ఎముక ఎంత పోనిస్తుందో తెలిస్తేనే, అది లోపల ఎక్కడ పుట్టిందో వెనక్కి లెక్కగట్టగలం. బూబకర్ విషయంలో ఆ లెక్క కోసం సర్జన్ కత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

బూబకర్‌కు ఇరవయ్యారేళ్ళు. అద్దె బండ్ల స్టాండులో "మహ్రెస్! మహ్రెస్! ఒక్కరే తక్కువ!" అని అరిచి ఆ ఊరి బండ్లు నింపడం అతని పని. వారానికి రెండుసార్లు ఫిట్స్. పోయిన నెలలో వెనక్కి వస్తున్న బండి చక్రం ముందే పడిపోయాడు. కిందటి వారం వసీలా అతని నెత్తికి జిగురు రాసి అరవై నాలుగు తీగలు అంటిస్తుంటే, మర్యాదగా 'లల్లా' అని పిలుస్తూనే వేళాకోళం ఆపలేదు.

"లల్లా వసీలా, ఇన్ని వైర్లు పెట్టావు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఏమైనా వస్తుందా?"

"కదలకు. కదిలితే మళ్ళీ మొదలెట్టాలి."

"నోరు కూడానా? నోరు మూస్తే నాకు కూడు లేదు. ఆ డాక్టరమ్మతో చెప్పు, ఏం కోసినా కోసుకోమను గానీ నోటి వైరు మాత్రం ముట్టుకోవద్దని."

నవ్వుతూనే అన్నాడు. చేతులు మాత్రం దుప్పటిని పిండేస్తున్నాయి.

ఇప్పుడు వసీలా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పటంలో పాత అంకె వేసింది. ఎర్రచుక్క మెదడు పైపొర మీద, సరిగ్గా మాట పుట్టే చోటి అంచున వచ్చి కూర్చుంది. ఊరికే అంకెను మూడింతలు చేసి చూసింది. చుక్క వేలెడంత లోపలికి, మెదడు మడత అడుగుకు జారింది. మొదటిదే నిజమైతే పైనుంచి కోయాలి, మాట పోతే పోతుంది. రెండోది నిజమైతే పక్కనుంచి లోపలికి వెళ్ళాలి, మాట జోలికే పోనక్కర్లేదు.

సీ షెద్లీ పది గంటలకు వచ్చారు. జేబులోంచి గింజల పొట్లం తీసి, ఖాళీ అయిన గిన్నె చూసి సంతోషించారు.

"శెభాష్. తళతళలాడుతోంది."

"సీ షెద్లీ, ఇది మూడో నంబరు కదా?"

ఆయన ఒక గింజ కొరికి, పొట్టు ఉమ్మి, అప్పుడు చూశారు. "అవును. ముసలిది ఇంకా పనికొస్తోంది. దాని పని అయిపోయాక పారేయడం ఎందుకని ఉంచాను."

"ఇది ఎవరిది?"

"ఎవరిదేమిటి? పాత శరీరశాస్త్ర హాలు మూసేసినప్పుడు బస్తా నిండా ఇచ్చారు. ఎవరూ రాని శవాలవి. అటక మీద ఇరవై ఏళ్ళు ఎండాయి."

"మరి ఎండిన ఎముకని..."

"నానబెట్టాం కదా! ఉప్పునీళ్ళలో పది రోజులు. మళ్ళీ బతికినట్టే."

వసీలాకు అమ్మ గుర్తొచ్చింది. చలికాలంలో ఎండు ఆక్టోపస్‌ను నీళ్ళలో నానేసి బార్లీ జావలో వేస్తుంది. అది ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తినబుద్ధి అవుతుంది. కానీ నాన్న కుండలోంచి చెయ్యి పెట్టి లాగినప్పుడు మోచేతికి చుట్టుకునేదీ, అదీ ఒకటి కాదు.

ఆ మాటే పైకి అనేసింది. "ఎండు ఆక్టోపస్ ఎంత నానినా మళ్ళీ ఈదదు కదండీ. ఎముక నడిమి పొరలో సందులుంటాయి. బతికున్నప్పుడు వాటి నిండా నెత్తురు. ఎండితే గాలి. ఉప్పునీళ్ళు ఆ గాలిని పూర్తిగా తోసేయలేవు. గాలిలోంచి కరెంటు పోదు. అందుకే మన అంకె తక్కువ వస్తోందేమో."

సీ షెద్లీ పళ్ళ మధ్య గింజ ఆగింది. తర్వాత పకపకా నవ్వారు. "బాగుంది! ఆక్టోపస్ వాళ్ళమ్మాయికి సీటిస్తే నా ల్యాబ్‌లో వంట మొదలెట్టింది! బిన్తీ, నా కూతురులాంటిదానివని చెబుతున్నా, ఈ అంకె మీద పదిమంది డాక్టరేట్లు పుచ్చుకున్నారు. గురువారానికి సంతకం పెట్టు, వచ్చే ఏడు నీకూ ఒకటి వస్తుంది."

ఆయన ఉమ్మిన పొట్టు మూడో నంబరు అంచుకు అతుక్కుని మెల్లగా లోపలికి జారింది. వసీలా కళ్ళు తిప్పుకుంది. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, ఏడాదిన్నరగా దాన్ని కడిగిన తన చేతుల మీదా అంతే వేసింది. ఆ సాయంత్రం సబ్బుతో మూడుసార్లు చేతులు తోముకుంది.

పాత అంకె తప్పని నిరూపించాలంటే బతికున్న ఎముక కావాలి. మంగళవారం ఆమె సర్జన్ డాక్టర్ సిహామ్ దగ్గరికి వెళ్ళింది. సిహామ్ చేతులు కడుక్కుంటూనే విన్నారు.

"రేపు ఒక పెద్దాయనకి తలలో గడ్డకట్టిన నెత్తురు తీస్తున్నాను. ఎముక అంచు కాస్త చెక్కాల్సి వస్తుంది, ఎలాగూ చెత్తలోకే పోయేది. కానీ ఆయన ఒప్పుకోవాలి. నేనడగను. నువ్వే అడుగు."

ఆ పెద్దాయన జీలానీ; ఊళ్ళో అందరికీ అమ్ జీలానీ, అంటే జీలానీ బాబాయి. కెర్కెన్నాలోనే అత్తాయా ఊరివాడు, డెబ్బై ఒకటి. ఖర్జూరపు చెట్టెక్కి కల్లు గీస్తూ నెల కిందట జారిపడ్డాడు. అప్పుడేమీ కాలేదనుకున్నాడు. ఇప్పుడు కుడికాలు ఈడుస్తోంది. మంచం మీద కూర్చుని, ఆసుపత్రి సూపులోకి రొట్టె తుంచుకుంటూ దాన్ని తిడుతున్నాడు.

"ఏ ఊరే నీది?" అన్నాడు ఆమె యాస వినగానే.

"రమ్లా. కుండల తిజానీ కూతుర్ని, అమ్ జీలానీ."

"తిజానీ కూతురివా! మీ నాన్న నా దగ్గర కల్లు తాగి పడవ బదులు గాడిదని నీళ్ళలోకి తోశాడు, చెప్పాడా? చెప్పడులే. ఏం కావాలి నీకు?"

ఆమె అంతా చెప్పింది. వాడుక మాటల్లో, ఏదీ దాచకుండా. గోరంత ముక్క. రెండు తీగల్లోంచి సన్నని కరెంటు పంపి, మధ్యన ఇంకో రెండు తీగలతో కొలవడం. ఆయనకు దానివల్ల ఏ లాభమూ లేదు. ఇంకొకతనికి ఉండొచ్చు.

"ఎవడతను?"

"మహ్రెస్ బండ్లకి కేకలేసే అబ్బాయి."

"ఆ గొంతుకాయనా? పక్క వార్డులోంచి పొద్దున్నించీ నా చెవులు తూట్లు పొడుస్తున్నాడు." జీలానీ రొట్టె నమిలి మింగాడు. "తీసుకో. నా తలలోంచి కరెంటు పోనిచ్చాక బిల్లు మాత్రం నాకు పంపకు. ఇంకో మాట. పని అయ్యాక ఆ ముక్క నాది నాకివ్వాలి. నాతో పాటు మట్టిలోకి పోవాలి. సీసాలో పెట్టి ఆటలాడుకోవద్దు."

"ఇస్తాను."

"తిజానీ మీద ఒట్టు?"

"మా నాన్న మీద ఒట్టు."

కాగితం మీద ఆయన వేలిముద్ర వేశాడు. సూపు అంటిన వేలు కావడంతో ముద్ర పసుప్పచ్చగా పడింది.

బుధవారం ఆపరేషన్ గది బయట వసీలా వెచ్చటి నీళ్ళ పెట్టె, వెండి తీగలు సిద్ధం చేసుకుని నిలబడింది. ఎముకను కోసే చక్రం మోత తలుపు దాటి వచ్చింది. దాని వెంటే వాసన. గొర్రె కాళ్ళు నిప్పుల మీద కాల్చినప్పుడు వచ్చే వాసన. నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరినట్టు. నర్సు తెచ్చి ఇచ్చిన ముక్క ఇంకా వెచ్చగా, ఎర్రగా, జిగటగా ఉంది. ఇన్నాళ్ళూ సీసాల్లోంచి తీసిన ముక్కలు పెంకుల్లా ఉండేవి. ఇది అలా లేదు. నిన్న సూపును తిట్టిన మనిషిలో ఒక భాగం ఇది. ఆ సంగతి మరిచిపోయి పని చేయడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. మరిచిపోకుండానే చేసింది.

పావుగంటలో ఇరవైసార్లు కొలిచింది. ఒంటి వేడి తగ్గకుండా చూసుకుంది. పొడవు, మందం, కరెంటు అన్నీ రాసుకుని లెక్క వేసింది. పాత అంకెకు మూడింతలకు పైనే వచ్చింది. మళ్ళీ వేసింది. అదే. తర్వాత కావాలనే ఆ ముక్కలోంచి చిన్న పలుకు విరిచి ఎండబెట్టి, మర్నాటి పొద్దుటి దాకా ఉప్పునీళ్ళలో నానేసి కొలిచింది. అంకె పాత దాని దగ్గరికి దిగిపోయింది.

గురువారం సమావేశానికి ఆమె రెండు వస్తువులు పట్టుకెళ్ళింది. ఒకటి తన లెక్కల పుస్తకం. రెండోది రొట్టెల దుకాణం సంచిలో పెట్టినది.

సిహామ్ బల్ల చివర కూర్చున్నారు. సీ షెద్లీ అప్పటికే పటం తెర మీద వేసి, ఎర్రచుక్కను పుల్లతో చూపిస్తున్నారు. "స్పష్టంగా పైపొర మీదే. సంతకం మా అమ్మాయి పెడుతుంది."

"పెట్టనండి," అంది వసీలా.

లేచి నిలబడి బల్ల పట్టుకుంది.

"ఏమిటిది, అందరి ముందూ? పుస్తకం కూడా తిరగేయని ఇంట్లోంచి తెచ్చి కూర్చోబెడితే..." అన్నారు సీ షెద్లీ.

ఆమె సంచిలోంచి చిప్ప తీసి, తెల్ల కాగితం మీద బోర్లించింది. నాలుగు రోజుల పొట్టు ముద్దగా పడింది. గదిలో పులిసిన వాసన లేచింది. సిహామ్ చేతి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వసీలా చిప్పను వెల్లకిలా తిప్పి, ఇంకా అతుక్కుని ఉన్న పొట్టును వేలితో తుడిచి, మూడు అంకె కనిపించేలా పట్టుకుంది.

"మనం ఇన్నాళ్ళూ వేస్తున్న అంకెలో మూడో వంతు దీంట్లోంచి వచ్చింది. మిగతా రెండు పుర్రెలూ దీనితో పాటు బస్తాలో వచ్చినవే. ఎండినవాటిని నానబెట్టి కొలిచాం. నిన్న తాజా ముక్క కొలిస్తే మూడింతలు వచ్చింది. అందులోంచే పలుకు ఎండబెట్టి నానేస్తే పాత అంకెకు దిగింది. ఒక్క ముక్కతో కొత్త అంకె ఇదే అని నేను చెప్పలేను, దొక్తోరా. కానీ పాత అంకె కింద మాత్రం నా పేరు పెట్టను. అది తప్పయితే అతను మళ్ళీ మాట్లాడడు."

సీ షెద్లీ ముఖం కందిపోయింది. "ఇది క్రమశిక్షణ లేని..."

"మీరు దీంట్లోకి ఉమ్ముతున్నారా?" అని సిహామ్ అడిగారు. కోపంగా కూడా కాదు, సరిగా వినబడలేదన్నట్టు.

సీ షెద్లీ నోట్లో గింజ ఒకటి మిగిలిపోయింది కాబోలు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చెంపలోనే ఉంచుకున్నారు.

సిహామ్ పటం వైపు తిరిగి అన్నారు: "పైనుంచి కోయను. ముందు పక్కనుంచి సన్నని తీగలు లోపలికి దించి, ఫిట్స్ ఎక్కడ మొదలవుతుందో అక్కడే వింటాను. ఏ చుక్క నిజమో అదే చెబుతుంది."

మూడు వారాలకు తీగలు చెప్పాయి. ఫిట్స్ లోపలి మడత అడుగునే పుడుతోంది. పక్కనుంచి వెళ్ళి కోశారు. కళ్ళు తెరిచాక బూబకర్ మొదట నర్సు వైపు, తర్వాత వసీలా వైపు చూసి పెదాలు తడుపుకున్నాడు.

"మహ్రెస్," అన్నాడు బొంగురుగా. "ఒక్కరే... తక్కువ."

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది.

అమ్ జీలానీ ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఊపిరితిత్తులకు నెమ్ము చేరి తొమ్మిదో రోజున పోయాడు. కబురు తెచ్చింది సీ షెద్లీయే. అప్పటికి బూబకర్ తలలోకి తీగలు ఇంకా దించలేదు.

"నీ పెద్దాయన పోయాడట. పాపం. బిన్తీ, వాళ్ళవాళ్ళని అడిగి చూడు, మొత్తం చిప్ప ఇస్తారేమో. ఒక్క ముక్క సరిపోదని నువ్వే అన్నావుగా."

వసీలా బయటికి పరుగెత్తి మెట్ల దగ్గర వాంతి చేసుకుంది. ఆ మాటకు మాత్రమే కాదు. కబురు వినగానే తన మనసులో మొదట మెదిలింది జీలానీ ముఖం కాదు. 'కొలత ముందే తీసుకున్నాం, నయం' అన్న ఆలోచన. అది తన మనసే. దాన్ని ఏ సబ్బుతో తోమాలో ఆమెకు తెలియలేదు.

ఏడాది తిరిగేలోగా ఇంకో పదకొండు తాజా ముక్కలు కొలిచి, సీ షెద్లీ కొత్త పత్రం రాశారు. పాత అంకెను తానే సవరించినట్టు రాసుకున్నారు. ఫ్రేము మారింది. వసీలా పేరు నాలుగోది. అందరికంటే ముందు కొలిచిన జీలానీ అందులో ఏడో నమూనా: పురుషుడు, డెబ్బై ఒకటి.

ఆయన ముక్కను మాత్రం ఆమె అప్పటిదాకా ఉంచలేదు. ఖననం రోజు పొద్దునే, పలుకుతో సహా తెల్లగుడ్డలో చుట్టి, ఫెర్రీ ఎక్కడానికి ముందు ల్యాబ్‌కు వెళ్ళింది. సీ షెద్లీ బల్ల మీది చిప్ప చూపించి అడిగింది.

"దీన్ని కూడా తీసుకెళ్ళనా?"

"తీసుకుపో," అన్నారాయన గింజ కొరుకుతూ. "బస్తాలో ఇంకోటి ఉంది."

ఆ మాట అన్న తీరులో కోపం లేదు, సిగ్గూ లేదు. వసీలాకు అదే అన్నిటికంటే రోతగా తోచింది.

ఫెర్రీ కుళాయి దగ్గర పాత పళ్ళబ్రష్‌తో ఆ చిప్పను కడిగింది. గాడుల్లోంచి ఆఖరి పొట్టు ఊడి నీళ్ళలో కొట్టుకుపోయింది. మూడు అంకె మాత్రం పోలేదు.

అత్తాయా శ్మశానంలో సముద్రపు గాలికి ఇసుక లేస్తోంది. జీలానీ కొడుకు తెల్లగుడ్డ అందుకుని తండ్రి తల దగ్గర పెట్టాడు. పక్కనే తిజానీ చిన్న గొయ్యి తవ్వాడు, కూతురు అడగ్గానే, ఎందుకో చెప్పకపోయినా. ఇమాము చిప్పను చూసి అడిగారు.

"పేరేమిటమ్మా?"

"తెలీదు."

"మగమనిషా, ఆడమనిషా?"

"అదీ తెలీదు. ఎవరూ రాలేదట, తీసుకెళ్ళడానికి."

ఆయన ఇంకేమీ అడగకుండా ప్రార్థన చదివారు. తిజానీ చేత్తోనే మట్టి తోసి, చదును చేసి, కూతురి వైపు చూశాడు. "పెద్దాయనకి ఎదురు చెప్పావట," అన్నాడు. వసీలా తల దించుకుంది. "మంచిది," అని ఆయన చేతులు దులుపుకున్నాడు.

జీలానీని తలుచుకోవడానికి అత్తాయా ఊరంతా ఉంది. ఆయన గీసిన చెట్లున్నాయి. బూబకర్ మహ్రెస్ అని కేక వేసిన ప్రతిసారీ వసీలా తలుచుకుంటుంది. కానీ ఆ రెండో గోతిలోని మనిషికి ఎవరూ లేరు. ఎవరూ రాకపోతే బస్తాలో వేశారు, కరెంటు పెట్టారు, నంబరు వేశారు, తర్వాత ఉమ్మారు. ఇది చదివిన మీరు పేరు తెలియకపోయినా సరే, ఒక్కసారి ఆ మనిషిని గుర్తు చేసుకోండి. నంబరుతో కాదు, మనిషిగా.